గ్రీకు కుండల మీది ఆ నలుపు రంగు కాదు, మట్టే

మీరు అడిగినవి మూడు. పురాతన గ్రీకు కుండల మీద నల్ల బొమ్మలు, ఎర్ర బొమ్మలు వేయడానికి ఏ రంగులు వాడారు? రెండున్నర వేల ఏళ్లయినా అవి ఎందుకు రాలిపోలేదు? టెర్రకోట కుండ కొని యాక్రిలిక్‌తో వేస్తే అలా వస్తుందా?

మూడోదానికి ముందు చెబుతాను. వేసుకోండి, హాల్లో పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ మీరు ఫొటోలో చూసి ముచ్చటపడిన ఆ మెరుపు రాదు. ఏథెన్స్ కుండల మీది నలుపు అసలు రంగే కాదు. గాజుపూత, అంటే గ్లేజు, కూడా కాదు. కుండ ఏ మట్టితో చేశారో దాదాపు అదే మట్టిని తేట తీసి, చిక్కబరిచి, కుంచెతో పూశారు. దాన్ని నల్లగా మార్చింది ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ. మిగతా రెండు ప్రశ్నలకూ జవాబు ఇందులోనే ఉంది. నల్ల బొమ్మలు ఎర్ర బొమ్మలుగా ఎందుకు మారాయి, బొమ్మల గీతలు అంత సన్నగా ఎలా వచ్చాయి అన్నవి కూడా ఈ పద్ధతి తెలిస్తేనే అర్థమవుతాయి. అందుకే సెరామిక్స్ పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి నేను బొమ్మల కథలకంటే ముందు ఆవం గురించి చెబుతాను.

ఏథెన్స్ ఉన్న ప్రాంతం పేరు ఆటికా. అక్కడి బంకమట్టిలో ఇనుము ఎక్కువ, కాలిస్తే నారింజ కలిసిన ఎరుపు వస్తుంది. ఆ మట్టిని నీళ్లలో బాగా కలిపి వదిలేస్తే ఇసుక, బరక అడుక్కి దిగుతాయి. సన్నటి రేణువులు నీళ్లలో తేలుతూ ఉంటాయి. ఆ పై నీటిని వేరే తొట్టెలోకి వంచి, మళ్లీ తేర్చి, మళ్లీ వంచితే చివరికి మిగిలేది మైక్రాన్‌కు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు, అటూ ఇటూ ఉండే అతి సన్నటి మట్టి. రేణువులు ఒకదానికొకటి అంటుకుని అడుక్కి పోకుండా బూడిద నీళ్ల లాంటి క్షారం ఏదో కలిపి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. ఈ సన్నమట్టిలో సహజంగానే పొటాషియం ఎక్కువగా ఉంటుంది. వేడికి మట్టి కరిగి గాజులా మారడానికి అది తోడ్పడుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కిటుకంతా దాని మీదే నడుస్తుంది.

ఈ పూతను కాల్చిన కుండ మీద వేయలేదు. సగం ఆరిన పచ్చికుండ మీద, దాన్ని గట్టి వస్తువుతో రుద్ది నునుపు చేశాక వేసేవారు. ఒక్కోసారి ఎరుపు బాగా నిండుగా రావాలని పలచటి జేగురు (ఇనుము ఉన్న ఎర్రమన్ను) నీళ్లు కూడా ముందు పట్టించేవారు. పచ్చికుండ మీద ఈ పూత నల్లగా కనిపించదు. అడుగున ఉన్న మట్టికంటే కాస్త ముదురుగా, గోధుమ ఛాయలో ఉంటుంది, అంతే. అంటే చిత్రకారుడు తాను వేస్తున్న నలుపును కళ్లతో చూడకుండానే వేస్తున్నాడు. ఎక్కడ పలచబడింది, ఎక్కడ చిక్కబడింది అన్నది చేతి అంచనా. ఆవం తెరిస్తే గానీ ఫలితం తెలియదు. మ్యూజియంలో ఒక కుండ ముందు నిలబడి ఆ కనుబొమ గీత చూసినప్పుడు, అది మట్టి మీద మట్టితో దాదాపు కనిపించకుండా గీసింది అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఆవం పని. ఒకే కాల్పులో మూడు దశలు. మొదటి దశలో గాలి బాగా ఆడనిచ్చి సుమారు 800 డిగ్రీల దాకా వేడి పెంచుతారు. మట్టిలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి హెమటైట్ అనే ఎర్రటి ఆక్సైడ్ అవుతుంది. కుండ ఎరుపు, పూత ఎరుపు, అంతా ఎరుపే. రెండో దశలో పైన పొగ కన్నం మూసేస్తారు, పొయ్యిలో పచ్చికట్టెలు వేస్తారు. లోపల గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి ఆక్సిజన్ కావాలి, ఎక్కడా దొరక్క ఇనుములో ఉన్నదాన్నే లాక్కుంటుంది. హెమటైట్ కాస్తా మాగ్నటైట్ లాంటి నల్లటి ఆక్సైడ్లుగా మారుతుంది. ఇప్పుడు కుండ నలుపు, పూత నలుపు, అంతా నలుపే. వేడి ఈలోగా 900 దాటి 950 దగ్గరికి వెళుతుంది. సన్నటి మట్టి, పైగా పొటాషియం ఉన్నది కాబట్టి పూత మాత్రం కరిగి, గాజులా బిగుసుకుని, రంధ్రాలు మూసుకుపోతాయి. కుండ ఒళ్లు బరక మట్టి, దానికి ఆ వేడి చాలదు, రంధ్రాలు అలాగే ఉంటాయి.

మూడో దశలో కన్నం తెరిచి గాలి వదులుతూ చల్లారనిస్తారు. గాలిలోని ఆక్సిజన్ కుండ ఒంటి రంధ్రాల్లోంచి లోపలికి దూరి అక్కడి ఇనుమును మళ్లీ ఎరుపు చేస్తుంది. పూత మూసుకుపోయింది కదా, అందులోకి గాలి పోదు. అది నల్లగానే మిగిలిపోతుంది. రాలకపోవడానికి కారణమూ ఇదే. కుండ మీద అంటించిన వస్తువు కాదది, కుండ మట్టిలోనే పైపొరగా బిగిసిపోయింది. నలుపు రంగు గాజులా బిగిసిన పూతలో బందీ అయిపోయింది కాబట్టి ఎండకు వెలవదు, నీళ్లకు కరగదు.

డిగ్రీల లెక్కల్లో పరిశోధకుల మధ్య కొంచెం తేడాలున్నాయి. కొన్ని కుండలను ఒకటికంటే ఎక్కువసార్లు కాల్చి ఉంటారన్న వాదన కూడా ఈమధ్య బలంగా వినిపిస్తోంది. కానీ ఎరుపు, నలుపు, మళ్లీ ఎరుపు అనే అసలు వరసలో అనుమానం లేదు. ఈ పద్ధతి చాలాకాలం రహస్యంగానే ఉండిపోయింది. 1942లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త థియోడర్ షూమన్ దాన్ని విప్పి చూపించాడు. 1960లలో జోసెఫ్ వీచ్ నోబుల్ అనే అమెరికన్ ఒక్కో అడుగూ తానే చేసి చూసి దాన్ని ఖాయం చేశాడు.

కుమ్మరుల దగ్గర్నుంచి కూడా సాక్ష్యం ఉంది. కోరింత్ అనే గ్రీకు నగరం పక్కన పెంటెస్కూఫియా అనే చోట క్రీ.పూ. 6వ శతాబ్దపు మట్టి పలకలు గుట్టలుగా దొరికాయి. అవి దేవుడికి మొక్కుగా ఇచ్చినవి. మట్టి తవ్వడం, ఆవం మీదికెక్కి కొక్కెంతో పొగ కన్నం సర్దడం, లోపల కుండలు పేర్చిన తీరు, అన్నీ వాటి మీద బొమ్మలుగా ఉన్నాయి. ఆవాన్ని పాడుచేసే దయ్యాలను పిలుస్తూ చెప్పిన ఒక పాత గ్రీకు పద్యం కూడా ఉంది, దాన్ని గ్రీకు మహాకవి హోమర్‌కు అంటగట్టారు. కుమ్మరులు తనకు సొమ్ము ఇవ్వకపోతే పగలగొట్టే దయ్యం, ఆరని మంటల దయ్యం, పచ్చిగా వదిలేసే దయ్యం వచ్చి మీ ఆవం మీద పడాలి అని కవి బెదిరిస్తాడు. ఆవం పెట్టినవాళ్లు ఎవరైనా ఆ జాబితా చదివితే నవ్వరు, అన్నీ తెలిసిన దయ్యాలే.

మ్యూజియంలో మీరు స్వయంగా చూడగలిగిన సాక్ష్యం ఇంకొకటి. చాలా కుండల మీద ఒక పక్క నలుపు కాస్తా ఎర్రబడి, ఇటుక రంగు మచ్చగా కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినచోట పొగ సరిగా తగల్లేదనో, ఎక్కడో చీలికలోంచి గాలి దూరిందనో అర్థం. చేసినవాళ్లు అలాంటివాటిని పారేయలేదు, అమ్మేశారు.

ఇక్కడ ఒక మాట. మన తెలంగాణ, ఆంధ్ర బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండలు కూడా ఇదే పద్ధతా అని తరచూ అడుగుతుంటారు. కాదు. ఇనుముకు గాలి అందిందా లేదా అన్న సూత్రం ఒకటే కావచ్చు గానీ, మనవాటిలో లోపలి భాగం, మూతి నలుపు, బయట కింది భాగం ఎరుపు. అంటే కుండను మంటలో ఎలా ఉంచారో దాన్నిబట్టి రంగు విడిపోయింది. గ్రీకులది కుంచె ఎక్కడ ఆగిందో అక్కడ విడిపోయింది. మంటమీది అదుపు మాత్రం మన కుమ్మరులకూ తక్కువేం లేదు, ఆ రెండు రంగుల మధ్య గీత చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు బొమ్మలకు వద్దాం. క్రీ.పూ. 1050 ప్రాంతం నుంచి ఏథెన్స్ కుండల మీద కనిపించే వృత్తాలు చేతితో గీసినవి కావు. ఒక కర్రకు వరసగా అనేక కుంచెలు కట్టి, ఒక కొన మధ్యలో గుచ్చి తిప్పారు. అందుకే వృత్తాలన్నీ సమాన దూరంలో ఉంటాయి. దగ్గరగా చూస్తే మధ్యలో కంపాస్ ముల్లు గుచ్చిన చిన్న గుంట కూడా దొరుకుతుంది. తర్వాత ఈ గీతలు, చతురస్రపు మెలికలు కుండనంతా ఆక్రమించాయి. ఏథెన్స్ జాతీయ మ్యూజియంలో ఉన్న డిపిలాన్ కుండ క్రీ.పూ. 760-750 నాటిది, ఒకటిన్నర మీటరు పొడవు, సమాధి గుర్తుగా నిలబెట్టింది. దాని మీద చచ్చిపోయిన మనిషి చుట్టూ ఏడుస్తూ తల మీద చేతులు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, అందరూ నల్లటి త్రికోణపు ఛాతీలతోనే. మనుషుల లోపలి వివరం ఏదీ లేదు, ఎందుకంటే నల్లటి ముద్ద లోపల గీత గీసే ఉపాయం వాళ్లకింకా రాలేదు.

ఆ ఉపాయం కోరింత్ వాళ్లు కనిపెట్టారు, క్రీ.పూ. 700 ప్రాంతంలో. పూత వేశాక, ఆరేలోగా, గంటం లాంటి వాడి మొనతో గీకారు. నల్లపూత చీలి కింది మట్టి రంగు బయటపడింది. కన్ను, జుట్టు పాయలు, సింహం జూలు, కవచం అంచు, అన్నీ అలా గీకినవే. దీన్నే నల్లబొమ్మల పద్ధతి, బ్లాక్ ఫిగర్ అంటారు. కోరింత్ మట్టి పాలిపోయిన పసుపు రంగు, అక్కడివాళ్లు ఎక్కువగా చేసింది చేతిలో ఇమిడే అత్తరు బుడ్లు. అంత చిన్న వస్తువు మీద జంతువుల వరసలు, మధ్యలో ఖాళీ లేకుండా పువ్వులు. రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉన్న కిజీ పాత్ర కోరింత్ పనిలో ఎత్తైన మెట్టు.

ఏథెన్స్ ఈ పద్ధతిని తీసుకుని తన నారింజ మట్టి మీద పెట్టింది. ఎరుపు మీద నలుపు అంత గట్టిగా పలకడానికి ఆ మట్టే కారణం. ఇంకో రెండు రంగులు కూడా ఉన్నాయి: ఇనుము లేని తెల్లమట్టితో తెలుపు, జేగురు కలిపిన పూతతో ముదురు వంకాయ ఎరుపు. ఇవీ కాల్చకముందే, చాలాసార్లు నల్లపూత మీదే వేశారు. ఆడవాళ్ల ఒళ్లు తెలుపు, మగవాళ్లది నలుపు అన్నది ఈ కాలపు వాడుక. తెలుపు అంత గట్టిగా పట్టుకోదు. మ్యూజియంలో కొందరు దేవతల ముఖాలు నల్లగా, వివరం లేకుండా ఉన్నాయంటే తెల్లపూత రాలిపోయిందని అనుకోండి.

ఈ పద్ధతిలో ఎంత చేయవచ్చో చూడాలంటే రెండు చాలు. మొదటిది ఫ్లోరెన్స్‌లో ఉన్న ఫ్రాన్స్వా పాత్ర, క్రీ.పూ. 570 ప్రాంతంది. గీసినవాడు క్లైటియాస్, చేసినవాడు ఎర్గోటిమోస్, ఇద్దరూ సంతకం పెట్టారు. 66 సెంటీమీటర్ల ఎత్తులో 270 దాకా బొమ్మలు, చాలావాటికి పక్కన పేర్లు. 1900లో ఒక మ్యూజియం కాపలావాడు కోపంతో స్టూల్ విసిరి దాన్ని 638 ముక్కలు చేశాడు. మళ్లీ అతికించారు. రెండోది వాటికన్‌లో ఉన్న ఎక్సేకియాస్ కుండ, క్రీ.పూ. 540-530 మధ్యది. ట్రాయ్ యుద్ధ కథల్లోని గ్రీకు వీరులు అకిలిస్, అయాక్స్ యుద్ధం మధ్యలో బల్లకు అటూ ఇటూ కూర్చుని పాచికలాంటి ఆట ఆడుతున్నారు. అకిలిస్ నోటి దగ్గర నాలుగు అని, అయాక్స్ నోటి దగ్గర మూడు అని రాసి ఉంది. వాళ్ల పైబట్టల మీది అల్లిక చూడండి. చుక్కలు, నక్షత్రాలు, మెలికలు, అన్నీ గంటంతో గీకినవే. ఒక్క గీత అదనంగా పడితే చెరపడానికి వీల్లేదు. ఎక్సేకియాస్ దాన్ని తానే గీశానని, తానే చేశానని రాసుకున్నాడు. నల్లబొమ్మల పద్ధతిలో దీన్ని మించింది నాకు కనిపించలేదు.

ఇంత దూరం వచ్చాక ఈ పద్ధతిలో ఇరుకు కూడా తెలుస్తుంది. గంటం గీత ఎక్కడైనా ఒకే మందం, ఒకే కరుకుదనం. కండ ఎక్కడ మొదలై ఎక్కడ కరిగిపోతుందో చూపాలంటే గీకుడు పనికిరాదు. క్రీ.పూ. 525-520 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఎవరో పనిని తలకిందులు చేశారు. బొమ్మను మట్టి రంగులోనే వదిలి, చుట్టూ నేపథ్యాన్ని నల్లపూతతో నింపారు. ఎర్రబొమ్మల పద్ధతి, రెడ్ ఫిగర్, అదే. మట్టి అదే, పూత అదే, ఆవం అదే. మారింది ఒక్కటే, గంటం పోయి లోపలి గీతలకు కూడా కుంచె వచ్చింది.

చేసే వరస ఇలా ఉండేది. సగం ఆరిన కుండ మీద మొద్దుకొనతోనో బొగ్గుతోనో ముందు లేతగా బొమ్మ గీసుకుంటారు. కుండను పక్క వెలుతురులో పట్టుకుంటే ఈ గాడి గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్నిచోట్ల చిత్రకారుడు మనసు మార్చుకుని చేయి ఇంకోచోట పెట్టిన సంగతి కూడా దొరుకుతుంది. తర్వాత బొమ్మ అంచు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున నల్లపట్టీ వేస్తారు, నేపథ్యం నింపేటప్పుడు కుంచె బొమ్మలోకి జారకుండా. ఆ తర్వాత లోపలి గీతలు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి చిక్కటి పూతతో వేసిన గీత. అది ఉబ్బెత్తుగా నిలబడుతుంది, వేలితో తడిమితే చేతికి తగులుతుంది. అది ఏ పనిముట్టుతో వేశారన్న దాని మీద పెద్ద తగాదా నడిచింది. ఒక సన్నటి గొట్టంలోంచి పిండారని నోబుల్ అన్నాడు. పొడవాటి వెంట్రుకను పూతలో ముంచి, ఉపరితలం మీద పరిచి లేపారన్న మాట 1970లలో వచ్చింది. నా ఓటు వెంట్రుకకే. వంపు తిరిగే చోట కూడా మందం మారకుండా అంత పొడుగు గీత రావాలంటే గొట్టంతో కష్టం. రెండోది మజ్జిగ తేటలా పలచబరిచిన పూత. కాలాక అది నలుపు కాకుండా తేనె రంగు, బంగారు గోధుమ రంగు వస్తుంది. పొట్ట కండలు, లేత గడ్డం, బట్ట ముడతలు దానితో వేస్తారు. ఒకే పూతను చిక్కబరిచి, పలచబరిచి ఇన్ని ఛాయలు రాబట్టడం మీకు నీటిరంగుల అలవాటు ఉంటే వెంటనే బోధపడుతుంది.

కొత్త పద్ధతి వచ్చిన తొలి ఏళ్లలో రెండూ ఒకే కుండ మీద వేసి చూపించారు. మ్యూనిక్‌లో ఒక కుండ ఉంది, హెర్క్యులీస్ మంచం మీద వాలి భోజనం చేస్తుంటే ఎథీనా దేవి ఎదురుగా నిలబడిన బొమ్మ. ఒక పక్క నల్లబొమ్మగా, రెండో పక్క ఎర్రబొమ్మగా అదే దృశ్యం. ఎర్రవైపు గీసినవాణ్ని పండితులు ఆండోకిడెస్ చిత్రకారుడు అంటారు, అది అతని అసలు పేరు కాదు. ఇలా సంతకం లేనివాళ్లకి పేర్లు పెట్టిన పని ఎక్కువభాగం జాన్ బీజ్లీ (1885-1970) అనే బ్రిటిష్ పండితుడిది. చెవి, చీలమండ, మోకాలి చిప్ప ఎవరెలా గీస్తారో పోల్చి వందలమంది చేతులు విడదీశాడు.

ఆ తర్వాతి తరంలో యూఫ్రోనియోస్, యూథిమిడెస్ అనే ఇద్దరు చిత్రకారులు పోటీ పడ్డారు. ముగ్గురు తాగి చిందులు వేస్తున్న బొమ్మ గీసి, యూథిమిడెస్ పక్కన రాశాడు, యూఫ్రోనియోస్ ఎన్నడూ ఇలా చేయలేదు అని. ఒక మనిషి వీపు మనవైపు తిప్పి మెలికపడుతూ ఉంటాడు, అదీ అతని గొప్ప. యూఫ్రోనియోస్ గీసిన, ట్రాయ్ యుద్ధంలో చనిపోయిన సర్పిడాన్ అనే వీరుడి మరణం పాత్రను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో పది లక్షల డాలర్లకు కొంది. దొంగతవ్వకాల్లో బయటపడిందని తేలి 2008లో ఇటలీకి తిరిగి ఇచ్చేసింది.

మిగతా పద్ధతులు త్వరగా చెబుతాను. నల్లపూత మీదే తెలుపు, ఎరుపు పెట్టి గీకే పద్ధతికి, దాన్ని వివరించిన డచ్ పండితుడి పేరు మీద సిక్స్ పద్ధతి అని పేరు. పగడపు ఎరుపు అని ఇంకొక మెరిసే ఎర్రపూత ఉంది. మ్యూనిక్‌లో ఎక్సేకియాస్ గిన్నె లోపల మద్యం దేవుడు డయొనిసస్ పడవ తేలేది దాని మీదే. క్రీ.పూ. 4వ శతాబ్దంలో నగలు, రెక్కలు ఉబ్బెత్తు మట్టితో వేసి బంగారం రేకు అంటించారు. నాకది అంతగా నచ్చదు, కుండను లోహంలా చూపాలన్న ఆత్రం కనిపిస్తుంది. ఆ శతాబ్దం చివరికి ఏథెన్స్‌లో ఎర్రబొమ్మలే ఆగిపోయాయి.

తెల్ల నేల మాత్రం వేరు. సమాధుల దగ్గర పెట్టే నూనె బుడ్ల మీద తెల్లమట్టి పూసి, దాని మీద గీతలతో బొమ్మ వేసి, కొన్నిటికి కాల్చాక నీలం, గులాబి, ఆకుపచ్చ వేశారు. మీరు అడిగిన రంగు అంటే నిజంగా ఇక్కడే. కాల్చాక వేసింది కాబట్టి ఇదే రాలిపోయింది. ఇప్పుడు కొన్ని బొమ్మల్లో మనుషులు నగ్నంగా కనిపిస్తారు, నిజానికి వాళ్ల బట్టల రంగు పోయి లోపలి ఒంటి గీతలే మిగిలాయి. ఇంకో చిత్రం. ఈ బుడ్లలో కొన్నిటికి లోపల చిన్న గిన్నె దాచారు, నూనె నిండుగా ఉన్నట్టు కనిపించి తక్కువ పట్టేలా. పితృకార్యంలో కూడా పొదుపే. అకిలిస్ చిత్రకారుడి హెలికాన్ కొండ మీది కళాదేవత, మ్యూనిక్‌లో, క్రీ.పూ. 440 ప్రాంతంది, ఈ కోవలో నాకు ఇష్టమైనది.

మీరే చేసి చూడాలంటే ఇలా చేయండి. ఇనుము ఎక్కువున్న ఎర్ర బంకమట్టిని బకెట్ నీళ్లలో కలిపి, కాస్త సోడా యాష్ (బట్టల సోడా) గానీ కాల్గాన్ (నీటిని మెత్తబరిచే పొడి) గానీ వేయండి. ఒకరోజు కదపకుండా ఉంచండి. పైన నీళ్లు తేరుకుని ఉంటే వాటిని పారబోసి, మధ్యలోని పొరను గొట్టంతో తీసుకోండి. అడుగు మట్టి వాడకండి. మధ్య పొరను పలచటి మీగడ చిక్కదనం వచ్చేదాకా ఆరబెట్టి, నునుపు చేసిన సగం ఆరిన పలక మీద కుంచెతో వేయండి. ముందు వెడల్పుగా పట్టీలే వేయండి, బొమ్మలు తర్వాత.

ఎలక్ట్రిక్ కిల్న్‌లో, అంటే కరెంటు ఆవంలో, గాలి తగ్గించే దశ సరిగా కుదరదు, కాయిల్స్ కూడా పాడవుతాయి. చిన్న గ్యాస్ కిల్న్ గానీ కట్టెల ఆవం గానీ ఉండాలి, అదీ ఆరుబయట. రెండో దశలో వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన లేదు, మూసిన షెడ్డులో ప్రాణం తీస్తుంది. మొదటి ఆవంలో పూర్తి కుండ పెట్టకండి. పూత వేసి, మధ్యలో కన్నం పెట్టిన ముక్కలు నాలుగైదు లోపల వేలాడదీసి, ఒక్కో దశలో ఒక్కోటి ఇనుప కొక్కెంతో లాగి చూసుకోండి. ఏథెన్స్ కుమ్మరులు కూడా అలాగే చేశారు, ఆ కన్నపు ముక్కలు తవ్వకాల్లో దొరికాయి. మూడో దశ మొదలయ్యాక తీసిన ముక్క మీద మట్టి ఎర్రబడుతూ పూత నల్లగా ఉంటే ఆవం సరిగా నడుస్తోంది. పూత కూడా ఎర్రబడితే వేడి చాలలేదు లేదా మట్టి సరిపడా సన్నంగా లేదు. ముందు మట్టి సంగతి చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది.